సర్వేయర్ సార్ తోటలో ఖాళీ

నిన్న ఉదయం ఆత్మకూరులో ఒక కొత్త ఇంటి ముందు ట్రాక్టరు తొట్టి పైకి లేచి పలుగురాళ్ళు దింపింది. ఆ తెల్లటి రాళ్ళు ఒకదానికొకటి కొట్టుకున్నప్పుడు ఒక వాసన లేస్తుంది. అగ్గిపుల్ల గీసి ఆర్పినప్పటి వాసనకు దగ్గరగా ఉంటుంది కానీ, అంతకంటే పొడిగా, గొంతులో గరగరలాడేట్టు ఉంటుంది. దుమ్ము తగ్గేదాకా ఆగకుండా నేను ఆ కుప్ప దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ట్రాక్టరు డ్రైవరు నన్ను వింతగా చూశాడు. ఆ వాసనను నాకు మొదటిసారి పరిచయం చేసింది పెంచలయ్య సార్. ఉదయగిరిలో తన ఇంటి పెరట్లో రెండు రాళ్ళు నా చేతికిచ్చి, "కొట్టి, ముక్కు దగ్గర పెట్టుకో" అన్నారు. "రాయికి వాసనేంది సార్?" అని అడిగాను. "నాకూ తెలీదమ్మా. ముప్పై ఏళ్ళ నుంచి ఎవరన్నా చెప్తారేమోనని చూస్తా ఉండాను" అన్నారు. అరవై దాటిన మనిషి, అంత చదువుకున్న మనిషి, తనకు తెలియదని అంత సంతోషంగా చెప్పడం నేను అంతకుముందు చూడలేదు.

నేను నర్సరీ పెట్టి అప్పటికి రెండేళ్ళయింది. మాది అనంతసాగరం మండలంలో గొర్రెలు మేపుకునే కుటుంబం. మా నాయన వెంట మందతో తిరిగినదాన్ని కాబట్టి ఏ ఆకు గొర్రె తింటుందో, ఏది తినదో తెలుసు. మొక్కలు అమ్మడం మాత్రం పెళ్ళయి ఆత్మకూరు వచ్చాకే నేర్చుకున్నాను. ఉదయగిరి పోయే రోడ్డు పక్కన కాస్త స్థలం తీసుకుని, గోదావరి వైపు నుంచి లారీలో వచ్చే క్రోటన్లు, గులాబీలు, రంగురంగుల ఆకుల మొక్కలు పేర్చుకున్నాను. కొత్త ఇల్లు కట్టుకున్న ప్రతివాళ్ళూ ప్రహరీ లోపల జానెడు ఖాళీ లేకుండా నింపమనేవాళ్ళు. నేనూ నింపేదాన్ని. ఎండాకాలం వచ్చేసరికి సగం మాడిపోయేవి. వానలు పడ్డాక మళ్ళీ వచ్చి కొనేవాళ్ళు. ఈ పని ఇట్లాగే సాగుతుంది కాబోలనుకున్నాను.

పెంచలయ్య సార్ సర్వేయరుగా పనిచేసి రిటైరయ్యారు. కలిగిరి, కొండాపురం, అనంతసాగరం, ఇంకా నాకు పేర్లు తెలియని ఎన్నో ఊళ్ళలో పొలాలు కొలిచి, చివరికి ఉదయగిరి కొండ కింద ఇల్లు కట్టుకున్నారు. ఎవరో నా నంబరు ఇస్తే ఫోన్ చేసి, "తోట వెయ్యాల, వచ్చి చూడు" అన్నారు. చూడమన్నారంటే తెమ్మన్నారనే అర్థం చేసుకున్నాను. నలభై మొక్కలు చిన్న ట్రక్కులో ఎక్కించుకుని పొద్దున్నే వెళ్ళాను.

ఆయన గేటు దగ్గరే ట్రక్కును ఆపించారు. బక్కపలుచని మనిషి, చొక్కా చేతుల మడతల దాకా ఎండకు కమిలిన రంగు, జేబులో కొలత టేపు. మొక్కల వైపు ఒకసారి చూసి, "దింపొద్దు. ముందు నువ్వు దిగు" అన్నారు. ఇంటి వెనక ఐదారు సెంట్ల నేల, చదును కూడా చేయకుండా ఉంది. వేపచెట్టు కింద రెండు కుర్చీలు వేసి ఉన్నాయి. "కూర్చో" అన్నారు. కూర్చున్నాను. ఆయనా కూర్చున్నారు. అరగంట పాటు ఆ నేలనే చూస్తూ ఉండిపోయారు.

"ఈడ నీకేం కనిపిస్తా ఉండాది?" అని అడిగారు చివరికి.

"ఏమీ లేదు సార్. ఖాళీ."

"సరే, ఇంకాసేపు చూడు."

నాకు ఒళ్ళు మండింది. ట్రక్కులో మొక్కలు వాడిపోతున్నాయి. లేచి వెళ్ళిపోదామనుకున్నాను కానీ, ఆ వయసు మనిషి అంత శ్రద్ధగా మట్టిని చూస్తూ కూర్చుంటే అందులో ఏముందో తెలుసుకోవాలనిపించింది. గంట గంటకూ ఆయన లేచి, వేపచెట్టు నీడ అంచు వెంబడి ముగ్గుపిండితో గీత గీసి వచ్చేవారు. మధ్యాహ్నానికి నేలంతా విల్లుల్లాంటి గీతలతో నిండింది. అప్పుడు నాకు ఒక్కొక్కటీ కనపడసాగింది. పోయిన వానకు నీళ్ళు ఎటు పారాయో మట్టి మీద సన్నటి చారలు చెబుతున్నాయి. ఎర్రచీమలు ఒకే దారిన పోతున్నాయి. వీధికుక్క ఒకటి వచ్చి, ఎక్కడెక్కడో వాసన చూసి, చివరికి మూలనున్న ఒక గుంటలోనే పడుకుంది. సాయంత్రం నాలుగున్నర దాటాక కొండ నీడ గోడ దాటి లోపలికి వచ్చింది. మా ఇద్దరి కాళ్ళ మీదుగా నడుచుకుంటూ పోయినట్టు పోయింది.

"ఇప్పుడు చెప్పు" అన్నారు.

నేను చూసినవన్నీ చెప్పాను. కుక్క సంగతి చెప్పినప్పుడు ఆయన ముందుకు వంగి, "అది నేను చూడలా. ఏ మూల?" అని అడిగి, అక్కడికి వెళ్ళి మట్టి మీద చెయ్యి పెట్టి చూశారు. ఆ మూల మట్టి చల్లగా ఉంది. నీళ్ళు చివరికి చేరేది అక్కడే. "చెట్టు ఈడ పెడదాం" అన్నారు. నలభై మొక్కల్లో ఒక్కటీ దిగకుండా ట్రక్కు వెనక్కి వచ్చింది. దారి పొడుగునా నాకు కోపం రావలసింది, రాలేదు. కొండ నీడ రేపు కూడా నాలుగున్నరకే వస్తుందా, చలికాలంలో ఎన్నింటికి వస్తుంది అనే ఆలోచిస్తూ వచ్చాను.

ఆ తోట వేయడానికి నాలుగు నెలలు పట్టింది. ఆయన పెట్టమన్నవి మూడే. నీళ్ళు చేరే మూలన ఒక బిక్కి మొక్క. అది నర్సరీల్లో దొరికేది కాదు. కొండల్లో రాళ్ళ మధ్య పెరిగే చిన్న చెట్టు, పువ్వు తెల్లగా విచ్చి సాయంత్రానికి పసుపు పచ్చగా మారుతుంది. తెలిసినవాళ్ళ చేను గట్టు మీద విత్తనం పడి మొలిచిన మొక్కను అడిగి తెచ్చాం. గోడవారగా ఒక దేవగన్నేరు. నడిమధ్యన, కొంచెం పక్కకు, పొడుగాటి గడ్డి ఒక దుబ్బు. మిగిలినదంతా పలుగురాళ్ళ చిన్న ముక్కలు పరిచిన నేల. అందులో ఐదు పెద్ద రాళ్ళు.

ఆ రాళ్ళు కూడా ఒక రైతు తన చేలోంచి ఏరి గట్టు అవతల పారేసినవే. వాటిని మోసుకొచ్చిన రోజుకంటే పాతిన రోజులే ఎక్కువ కష్టపెట్టాయి. ఒక రాయిని పొద్దుటి నుంచి పదకొండుసార్లు జరిపించారు. పలుగు పట్టుకున్న కూలీ ఒకాయన, "సార్, ఇది పొలం హద్దా ఏంది, ఇంత కొలత?" అని విసుక్కున్నాడు. సార్ నవ్వి, "హద్దురాయి ఎవరో పెట్టినట్టు ఉండాల. ఇది ఎవరూ పెట్టనట్టు ఉండాల. అదీ కష్టం" అన్నారు. ప్రతి రాయినీ మూడోవంతు భూమిలోకి దించాక, అది వచ్చి కూర్చున్నట్టు కాక అక్కడే పుట్టినట్టు కనిపించింది. తేడా ఎక్కడుందో నాకు కళ్ళకు కనిపించింది కానీ, మాటల్లో చెప్పమంటే ఈ రోజుకీ చెప్పలేను.

ఒకరోజు పని ఆపి మజ్జిగ తాగుతున్నప్పుడు అడిగాను, ఇంత ఖాళీ ఎందుకని.

"నిండుగా పైరున్న చేను కొలవడం ఎంత తిప్పలో తెలుసా?" అన్నారు. "ఎత్తేదో పల్లమేదో కనపడదు. కోత అయిపోయినాక పోతే భూమి తన రూపంలో ఉంటాది. ఆ నెలరోజులూ నాకు పని చేసినట్టే ఉండేది కాదు. ఊరికే చూస్తా నడిచేవాణ్ణి. ఆ తర్వాత మళ్ళా దున్నేస్తారు. ఒక్క ముక్కయినా దున్నకుండా చూస్తా ఉండాలని కోరిక."

మొక్కలు తక్కువైతే పని తక్కువనుకున్నాను. అదీ తప్పే. చెట్లు దట్టంగా ఉన్న తోటలో పది ఎండుటాకులు రాలినా కనపడవు. ఈ తోటలో ఒక్క ఆకు పడినా దానికోసమే నేలంతా పరిచినట్టుండేది. రాళ్ళ మధ్య గరిక మొలక లేస్తే మూడు రోజుల్లో తీయాలి, లేకపోతే వేరు దిగిపోతుంది. సార్ ప్రతి పొద్దునా కలుపు తీసే చిన్న తొలిక పట్టుకుని గొంతుక్కూర్చుని ఒక వరసలో ఆ చివరి దాకా వెళ్ళేవారు. దేవగన్నేరుకు ఏ కొమ్మ తీయాలో నిర్ణయించడానికి వారం చూసేవారు. కొమ్మకు దారం కట్టి వదిలేసి, "వారం తర్వాత కూడా తియ్యాలనిపిస్తే తీద్దాం" అనేవారు. సగం దారాలు విప్పేసేవాళ్ళం. నేను నెలకు రెండుసార్లు వెళ్ళేదాన్ని. పిలవని వారాల్లో కూడా ఏదో ఒక వంక పెట్టుకుని ఉదయగిరి బస్సెక్కేదాన్ని.

ఆ ఎండాకాలం నా నర్సరీ బోరు ఎండిపోయింది. ట్యాంకరు నీళ్ళు రెండు రోజులకోసారి వచ్చేవి. ఎనిమిది వందల మొక్కలకు ఆ నీళ్ళు సర్దుతూ, తలా ఒక గ్లాసు పోస్తూ, అన్నీ కలిసి వాడిపోతుంటే చూస్తూ ఏడుస్తున్నాను. సార్ బస్సు దిగి వచ్చారు. ఎవరు చెప్పారో తెలియదు. షెడ్డు కింద తిరిగి చూసి, "వీటిలో నువ్వు ఎవరి ఇంట్లోనైనా నీ చేత్తో నాటి, ఐదేళ్ళ తర్వాత పొయ్యి చూడాలనుకునేవి ఏవి?" అని అడిగారు. అట్లా ఎప్పుడూ ఆలోచించలేదు. చాలాసేపు తిరిగాను. నూటయాభై దాకా తేలాయి. కరివేపాకు, దేవగన్నేరు, నందివర్ధనం, సీతాఫలం, మల్లె, కనకాంబరం లాంటివి. "నీళ్ళు వాటికి పొయ్యి" అన్నారు. మిగిలినవాటిని నేను వదిలేస్తుంటే, ఆయన వెళ్ళిపోకుండా సాయంత్రం దాకా నాతోనే ఉన్నారు. ఆ నూటయాభై బతికాయి. నా నర్సరీ కూడా బతికింది. అప్పటినుంచి లారీ మొక్కలు మానేశాను.

ఇంతవరకు నేను చెప్పనిది రమణమ్మ పెద్దమ్మ గురించి. సార్ భార్య. నేను వెళ్ళిన ప్రతిసారీ టీ తెచ్చేది. వెనక గుమ్మం దగ్గర ఒక చెయ్యి తలుపు మీద ఆనించి నిలబడేది, మెట్టు దిగేది కాదు. మంచి మాటకారి. ఇంట్లో ఉన్నప్పుడు నవ్విస్తూనే ఉండేది. తోటలోకి చూసేటప్పుడు మాత్రం ఏమీ మాట్లాడేది కాదు. ఒకరోజు సార్ స్నానానికి వెళ్ళినప్పుడు నన్ను వంటింట్లోకి పిలిచింది.

"ఏమ్మే, ఒక్క కనకాంబరం మొక్క కూడా పెట్టనీడా మీ సారు?"

"నేనెప్పుడూ అడగలేదు పెద్దమ్మా. మీరే అడగొచ్చు కదా?"

"అడిగేదేంది, ఆయనకు తెలీదా?" అంది. తర్వాత గిన్నె తోముతూ, నా వైపు చూడకుండా చెప్పింది. "ముప్పై ఏళ్ళలో తొమ్మిది ఊళ్ళు తిరిగినాం. ప్రతి ఊళ్ళో అద్దెకొంప. నూనె డబ్బాల్లో, పగిలిన కుండల్లో కనకాంబరాలు నాటినాను. అవి మొగ్గ తొడిగేసరికి బదిలీ. ప్రతి ఊళ్ళో ఇడిసిపెట్టి వచ్చినాను. సొంత ఇల్లు కడతాం కదా, ఆడ పెట్టుకుందువులే అన్నాడు. కట్టినాడు. రాళ్ళు పెట్టినాడు."

ఆ రోజు బస్సులో, తర్వాతిసారి సార్‌తో చెప్పాలి అనుకున్నాను. తర్వాతిసారి వెళ్ళినప్పుడు బిక్కి చెట్టుకు మొదటి మొగ్గ వచ్చింది. ఆయన చిన్నపిల్లాడిలా దాని చుట్టూ తిరుగుతున్నారు. చెప్పలేకపోయాను. ఇంకోసారి వెళ్ళినప్పుడు కూడా చెప్పలేదు. ఆయన గీసిన నేలలో గీత మార్చమనడానికి నాకు ధైర్యం చాలలేదు. పైగా ఆ ఖాళీ నాకూ నచ్చింది. అందులో ఒక మొక్క పెడితే పాడవుతుందని నేనూ నమ్మాను. ఆరునెలలు అట్లాగే గడిచిపోయాయి.

సార్ శుక్లాల ఆపరేషన్‌కు నెల్లూరు వెళ్ళారు. రెండు వారాలు తమ్ముడి ఇంట్లోనే ఉంటారని, నన్ను తోట చూసుకోమని చెప్పి వెళ్ళారు. మూడో రోజు పెద్దమ్మ ఫోన్ చేసింది.

"అమ్మీ, ముప్పై కనకాంబరం మొక్కలు తీసుకుని రా. రెండు మల్లెలు కూడా."

"పెద్దమ్మా, సార్ వచ్చాక..."

"నువ్వు తేకపోతే కలిగిరి నుంచి తెప్పించుకుంటా. తెచ్చేది నువ్వయితే మంచి మొక్కలు తెస్తావని అడిగినాను."

తీసుకెళ్ళాను. ఆమె అప్పటికే చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, తోట నట్టనడుమ రాళ్ళముక్కలు పారతో పక్కకు లాగేసింది. కనీసం గోడవార పెట్టమని బతిమాలాను. వినలేదు. నాటేటప్పుడు నన్ను చెయ్యి వేయనివ్వలేదు. ఒక్కో గుంటకూ జానెడున్నర కొలిచి, బొటనవేలితో మట్టి అదిమి, వరస వంకరపోకుండా ముప్పై మొక్కలూ, చివర రెండు మల్లెలూ పెట్టింది. తొమ్మిది ఊళ్ళలో నాటిన చేతులవి. అంత బాగా నాటగలిగే మనిషిని ఇన్ని నెలలు గుమ్మంలో నిలబెట్టి, ఆమె తెచ్చిన టీ తాగామన్న సంగతి నాకు అప్పుడు తట్టింది. తిరిగి వెళ్తుంటే మాత్రం, ఇక సార్ ఈ గేటు దాటి నన్ను రానివ్వరనే దిగులుతో వెళ్ళాను.

ఆయన వచ్చే రోజు నన్ను కూడా ఉండమంది పెద్దమ్మ. నల్లద్దాలు పెట్టుకుని సార్ నేరుగా వెనక గుమ్మం దగ్గరికి వచ్చారు. అద్దాలు తీశారు. కొత్త కళ్ళతో ఆయన మొదట చూసింది ఆ కనకాంబరాల మడినే.

"ఎవురు పెట్టినారు?"

"నేనే" అంది పెద్దమ్మ. "మొక్కలు ఈ పిల్ల తెచ్చింది. దాన్నేం అనబాకు."

ఆయన మెట్టు మీద కూర్చున్నారు. నేను నెమ్మదిగా వచ్చేశాను. రెండు రోజులు ఆ ఇంట్లో మాటల్లేవని పెద్దమ్మ ఫోన్‌లో చెప్పింది. రెండు రోజులూ ఆయన వేపచెట్టు కింద కుర్చీ వేసుకుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చున్నారట. మూడో రోజు నాకు ఫోన్ వచ్చింది. "ఇద్దరు మనుషుల్ని, పలుగుల్ని తీసుకుని రా" అన్నారు. పీకేయిస్తారనుకున్నాను. పెద్దమ్మ ముఖం ఎట్లా చూడాలి అనుకుంటూ వెళ్ళాను.

కనకాంబరాలను ఆయన ముట్టుకోలేదు. రాళ్ళను జరిపించారు. పదకొండుసార్లు జరిపిన ఆ రాయితో సహా ఐదింటినీ తవ్వించి, ఆ మడి చుట్టూ కొత్త చోట్లలో పాతించారు. నడిమధ్యనున్న గడ్డి దుబ్బును తీసి నా చేతికిచ్చి, "ఇంకెవరింట్లోనన్నా పెట్టు. ఒకటి వచ్చినాక ఒకటి పోవాల" అన్నారు. ఆ ఐదింటిలో బల్లపరుపుగా ఉన్నదాన్ని మాత్రం మడిని ఆనించి వేయించారు. ఎందుకని అడిగాను.

"ఆమె పూలు కోసేది సాయంత్రం. కొండ నీడ వచ్చేలోపల ఆడ ఎండ ఉంటాది. వేప నీడ అంచు ఈడికి వస్తాది చూడు. ఈడ కూర్చుంటే సరిపోతాది." రాయి మీది మట్టి చేత్తో తుడుస్తూ అన్నారు. "పొలం కొలిచేటప్పుడు పట్టా ఎవరి పేరు మీదున్నా, అనుభవంలో ఎవరున్నారో విడిగా రాసుకుంటాం. దాన్ని వాడుకునేవాళ్ళు, దానిమీద నడిచేవాళ్ళు ఎవరని. కొన్నివేల పొలాలకు రాసినాను. నా ఇంటికి రాసుకోలా."

పెద్దమ్మ మెట్టు దిగి వచ్చింది. తోటలో ఆమె అడుగు పెట్టడం, సార్ ఊళ్ళో ఉండగా, అదే మొదలు. రాయి మీద కూర్చుని చూసి, "ఇంకో మూరెడు అటు జరపండి. మోకాలికి మొక్కలు తగులుతా ఉండాయి" అంది. కూలీలు సార్ వైపు చూశారు. "ఆమె చెప్పినట్టు జరపండి" అన్నారు సార్. అట్లా ఆ రాయి నాలుగుసార్లు జరిగింది.

ఆ తర్వాత ఏడేళ్ళు సార్ బతికారు. తోటకు ఇంకేమీ చేర్చలేదు. నిజానికి, మొదటి తోటకంటే రెండోదే బాగుండేది. చుట్టూ తెల్లటి నేల, రాళ్ళు, నడుమ ఒక్క చోట ఆ నారింజరంగు. గోడ మీద నుంచి చూసినవాళ్ళు, మొదట కనకాంబరాలు నాటి తర్వాత చుట్టూ ఖాళీ వదిలారనుకునేవాళ్ళు. సార్ పోయాక కూడా నేను నెలకోసారి వెళ్తూనే ఉన్నాను. పెద్దమ్మ ఆయన తొలికతోనే కలుపు తీస్తుంది.

పోయిన నెల వెళ్ళినప్పుడు, ఇన్నేళ్ళుగా గొంతులో ఉన్నది ఆమెతో చెప్పేశాను. ఆరునెలలు తెలిసి కూడా సార్‌తో చెప్పలేదని, చెప్పి ఉంటే ఆమె అన్నాళ్ళు గుమ్మంలో నిలబడాల్సి వచ్చేది కాదని అన్నాను. ఆమె నవ్వింది.

"నువ్వు చెప్పుంటే ఏమయ్యుండేది? పాపం అనుకుని ఒక మూలన నాలుగు మొక్కలకు చోటిచ్చుండేవాడు. నేనూ సరేలే అని ఊరుకునేదాన్ని. చెప్పకపోబట్టే నడిమధ్యన పెట్టినాను" అంది.

ఆమె మాట నా తప్పును మాపిందో లేదో ఇంకా తేల్చుకోలేదు. ఇప్పుడు ఎవరింటికి వెళ్ళినా నేల చూడకముందే వంటింట్లోకి వెళ్తాను. అక్కడున్న మనిషిని, మీకేం కావాలని అడుగుతాను. చాలామంది మొదట ఏమీ వద్దంటారు. కాసేపు కూర్చుంటే ఒక మొక్క పేరు చెబుతారు. ఆ మొక్కను మాత్రం నేను మూలన పెట్టను.